1961 నాటి ‘రన్అవే’: ఆ గొంతు, మధ్యలో వచ్చే ఆ వాయిద్యం ఇంట్లో రాబట్టడం ఎలా

ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికన్ గాయకుడు డెల్ షానన్ పాడిన ‘రన్అవే’ని మళ్ళీ రికార్డు చేద్దామనుకుంటున్నారు. ఒరిజినల్‌తో కలిపి గిటార్ వాయిస్తే ఎ మైనర్‌లో కుదరడం లేదు, బి ఫ్లాట్ మైనర్‌లో కూడా కాస్త తేడా కొడుతోంది. మీరు పాడినదాన్ని పిచ్ షిఫ్ట్‌తో (శ్రుతి ఒక్కదాన్నే మార్చే ఎఫెక్టుతో) పైకి జరిపితే గొంతు ప్లాస్టిక్‌లా తయారవుతోంది. మధ్యలో సోలో వాయించింది ఏమిటో అంతుపట్టడం లేదు.

మొదటి రెండు ఇబ్బందులకూ కారణం ఒక్కటే. ఆ పాటను ఎ మైనర్‌లో వాయించి పాడారు. రికార్డింగ్ అయ్యాక నిర్మాత హ్యారీ బాల్క్ టేపు వేగం పెంచి, బి ఫ్లాట్ మైనర్‌కు ఇంకొంచెం కిందే ఆపాడు. మన లెక్కలో ఆరు శ్రుతిలో పాడిన పాట ఆరున్నరకు ఓ వెంట్రుకవాసి కింద నిలబడింది. ఈ లోకంలో ఏ గిటారూ అక్కడ శ్రుతి చేసి ఉండదు, అందుకే మీకు ఎటూ కలవలేదు.

పని మొదలుపెట్టే ముందు మీ దగ్గరున్న కాపీ ఏదో చూసుకోండి. షానన్ ఇదే పాటను 1967లో మళ్ళీ రికార్డు చేశాడు, 1986లో ‘క్రైమ్ స్టోరీ’ అనే టీవీ సీరియల్ కోసం మాటలు మార్చి ఇంకోసారి పాడాడు. ఆన్‌లైన్‌లో ఇవన్నీ ఒకే పేరుతో కలగాపులగంగా ఉంటాయి. మీకు కావలసింది బిగ్‌టాప్ లేబుల్ మీద 1961 ఫిబ్రవరిలో వచ్చింది, నిడివి సుమారు 2 నిమిషాల 20 సెకన్లు. శ్రుతి లెక్క దాని మీదే వేయాలి. తక్కినవాటి మీద వేస్తే ఈ అంకెలేవీ పనికిరావు.

రికార్డింగ్ 1961 జనవరిలో న్యూయార్క్ బెల్ సౌండ్ స్టూడియోలో జరిగింది. ఇంజనీరు ఫ్రెడ్ వైన్‌బర్గ్. వాద్యబృందాన్ని నడిపించి, బారిటోన్ శాక్సఫోన్ కూడా వాయించినవాడు బిల్ రామల్. గిటార్ల దగ్గర ఆల్ కయోలా, బకీ పిజరెల్లీ లాంటి వాళ్ళు, డబుల్ బాస్ మీద మిల్ట్ హింటన్, డ్రమ్స్ మీద జో మార్షల్, పియానో మీద మో వెక్స్‌లర్. వీళ్ళంతా న్యూయార్క్‌లో రోజూ ఇదే పని చేసే ఉద్దండులు. షానన్, అతని కీబోర్డ్ వాద్యకారుడు మ్యాక్స్ క్రుక్ మాత్రం మిషిగన్‌లోని బాటిల్ క్రీక్ అనే ఊళ్ళో ఒక క్లబ్బులో వాయించుకునేవాళ్ళు. ఆ క్లబ్బులోనే ఓ రాత్రి క్రుక్ ఎ మైనర్ నుంచి జి కార్డ్‌కు దిగితే, ఆ దిగుడు షానన్‌కు నచ్చి అక్కడే వరస కట్టాడు. జనవరి రికార్డింగ్‌కు ముందు ఈ ఇద్దరూ న్యూయార్క్ వచ్చి చేసిన మొదటి రికార్డింగ్ బెడిసికొట్టింది. క్రుక్ వాయిద్యం బాగా వినిపించేలా పాత పాటను తిరగరాసుకుని రమ్మని మేనేజర్ ఆలీ మెక్‌లాఫ్లిన్ చెప్పడం వల్లే ఈ పాటకు ఈ రూపం వచ్చింది. ఏప్రిల్‌లో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళి నాలుగు వారాలు కదలలేదు.

ఇక వేగం సంగతి. టేపును పెంచిన వేగంతో తిప్పితే శ్రుతి, లయ, గొంతు స్వభావం మూడూ ఒకే నిష్పత్తిలో కదులుతాయి. ఒక సెమీటోన్ (పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరం, 100 సెంట్లు) అంటే 5.95 శాతం. మన పాట దానికి కాస్త తక్కువ కాబట్టి లెక్క సులువుగా ఉండడానికి 5.5 శాతం అనుకుందాం. అది 93 సెంట్లు, అంటే బి ఫ్లాట్‌కు 7 సెంట్లు కింద. మీ కాపీని ట్యూనర్ పెట్టి కొలిచి, 5.5 బదులు మీకు వచ్చిన అంకె వేసుకోండి. 140 సెకన్ల పాట వేగం పెంచకముందు దాదాపు 148 సెకన్లు ఉండి ఉండాలి. ఆ ఎనిమిది సెకన్ల తేడా మీరు పాడేటప్పుడు ఉండాల్సిన నింపాది. చాలామంది పోగొట్టుకునేది దీన్నే. ఒరిజినల్ లయలో పాడేసి తర్వాత శ్రుతి ఒక్కటే పెంచుతారు. అప్పుడు హల్లుల నిడివి, గమకం ఊపు, ఊపిరి తీసిన చప్పుడు ఉన్నచోటే ఉంటాయి, స్వరం మాత్రం పైకి పోతుంది. పైగా సాఫ్ట్‌వేర్ లయను కాపాడడానికి ధ్వనిని చిన్న ముక్కలుగా కోసి అతుకుతుంది. మీరు ప్లాస్టిక్ అంటున్నది ఆ అతుకుల చప్పుడే. ఫార్మంట్‌ను (గొంతుకు దాని స్వభావాన్నిచ్చే ప్రతిధ్వని స్థాయులను) కాపాడే ఆప్షన్ కూడా పెడితే ఇంకా నష్టం. గొంతు పై స్థాయికి వెళ్తుంది గానీ మనిషి వయసు తగ్గినట్టు అనిపించదు. ఈ రికార్డులో వినిపించే పడుచుదనం సగం ఆ ఫార్మంట్లు కూడా జరగడం వల్ల వచ్చిందే.

ఎందుకు పెంచారంటే, షానన్ గొంతు శ్రుతికి కాస్త కింద పడుతోందని బాల్క్ తర్వాత చెప్పుకున్నాడు. ఈ మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. పాట మొత్తాన్ని పెంచితే వాద్యాలూ గొంతూ కలిసే పైకి వెళ్తాయి, వాటి మధ్య తేడా సెంట్లలో అంతే ఉంటుంది. వాద్యాలకంటే గొంతు 15 సెంట్లు కిందుంటే, ఎంత పెంచినా 15 సెంట్లే. గొంతు ఒక్కదాన్నీ పెంచి ఉంటే అది పాట పూర్తయ్యేసరికి ఎనిమిది సెకన్లు ముందు పరిగెత్తేది. కాబట్టి వేగం పెంచడం బేసురాన్ని సరిచేయదు, బేసురం చెవికి అంతగా ఆనకుండా చేస్తుంది. గొంతులో మెరుపు పెరుగుతుంది, దీర్ఘంగా లాగిన స్వరాలు కాస్త పొట్టివవుతాయి, ఊపు బిగుసుకుంటుంది. తన గొంతులాగే లేదని షానన్ గొడవపెట్టాడని, నీ గొంతు ఎలా ఉంటుందో ఇంకా ఎవరికీ తెలియదు కదా అని బాల్క్ నోరు మూయించాడని ప్రసిద్ధమైన కథ ఒకటుంది.

అప్పటి యంత్రాల్లో ఇది మీట నొక్కితే అయ్యే పని కాదు. స్టూడియో టేపు మెషీన్లలో కేప్‌స్టన్ (టేపును లాగే కడ్డీ) మోటారు సింక్రనస్ రకం. దాని వేగం వోల్టేజీతో మారదు, కరెంటు ఫ్రీక్వెన్సీతోనే మారుతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్. దాన్ని 63.3 చేస్తే సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపు 15.8 అంగుళాలు నడుస్తుంది. దానికి ఒక ఆసిలేటర్, మోటారును లాగగలిగే పవర్ ఆంప్లిఫయర్, వోల్టేజీని మెయిన్స్ స్థాయికి తెచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కేప్‌స్టన్ మోటారు ఒక్కదాన్నే ఈ సరఫరా మీద పెట్టి, రీళ్ళు తిప్పే మోటార్లను మామూలు మెయిన్స్ మీదే వదిలేసేవారు, లేకపోతే ఆంప్లిఫయర్ వేడెక్కి చేతులెత్తేస్తుంది. (అదే అమెరికా మెషీన్‌ను మార్పులేమీ చేయకుండా మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిపితే పాట మూడు సెమీటోన్లకు పైగా కిందికి జారిపోతుంది. అందుకే ఇక్కడికి వచ్చే మెషీన్లకు మోటారో కేప్‌స్టనో వేరేది ఉండేది.)

ఇంకో చిట్కా కేప్‌స్టన్ చుట్టూ అతుకు టేపు చుట్టడం. పాత రీల్ మెషీన్ ఉన్నవాళ్ళు ఇప్పటికీ దీన్ని ప్రయత్నిస్తారు. కడ్డీ వ్యాసం 6 మిల్లీమీటర్లయితే 6.33 చేయాలి. అంటే ఒక్కో వైపు 0.165 మిల్లీమీటర్లు, 0.05 మందం టేపయితే మూడు చుట్లకు కొంచెం ఎక్కువ. ఇక్కడే తిప్పలు మొదలవుతాయి. టేపు మొదలూ చివరా ఒకదాని మీద ఒకటి పడిన చోట చిన్న గట్టు వస్తుంది. 15 అంగుళాల వేగంలో ఈ కడ్డీ సెకనుకు సుమారు 20 సార్లు తిరుగుతుంది, ప్రతి చుట్టుకీ ఆ గట్టు టేపును ఒకసారి కుదుపుతుంది. దీర్ఘస్వరాల్లో ఆ కుదుపు గరగరలాగా వినిపిస్తుంది. పియానో, ఆ సోలో వాయిద్యం లాంటి నిలకడ స్వరాలున్న పాటకు ఈ పద్ధతి వద్దు.

కంప్యూటర్‌లో ఇదంతా సులువు, పద్ధతి మాత్రం తప్పకూడదు. ముందు ఒరిజినల్ లయను కొలవండి. ఉదాహరణకు నిమిషానికి 148 దెబ్బలు వచ్చిందనుకుంటే దాన్ని 1.055తో భాగించండి, 140.3. మీ ప్రాజెక్టును ఆ లయలో తెరవండి. గిటార్‌ను మామూలు 440కి (ఎ స్వరం 440 హెర్ట్జ్) శ్రుతి చేసి, కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు) లేకుండా ఎ మైనర్‌లో వాయించండి. డ్రమ్స్, బాస్, గొంతు, సోలో అన్నీ ఈ నింపాది లయలోనే రికార్డు చేసి, మిక్స్ ముగించి, ఒక ఫైలుగా బయటికి తీయండి. చివర్లో ఆ ఒక్క ఫైలు వేగం పెంచాలి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేగమూ శ్రుతీ కలిసి మారే ఎఫెక్టు ఎంచుకుని 5.5 శాతం ఇవ్వండి, శ్రుతి ఒక్కదాన్నే మార్చే ఎఫెక్టు జోలికి వెళ్ళొద్దు. రీపర్‌లో అయితే ఫైలు మీద ప్లేబ్యాక్ రేటు 1.055 పెట్టి, శ్రుతిని కాపాడే టిక్కును తీసేయండి. ఆ టిక్కు మామూలుగా పెట్టే ఉంటుంది, చాలామంది బోల్తాపడేది అక్కడే.

సాధన చేయడానికి ఒరిజినల్‌తో కలిసి వాయించాలంటే ఒకటో ఫ్రెట్‌లో కేపో పెట్టి ఎ మైనర్ ఆకారాలే పట్టుకోండి, ట్యూనర్ ఆధారాన్ని 440 నుంచి 438కి దింపండి. రికార్డింగ్ రోజున ఇదంతా విప్పేసి మళ్ళీ 440కి రండి.

వేగం పెరిగినప్పుడు పాటతోపాటు ఇంకొన్ని కూడా మారతాయి, వాటికి ముందే చోటు వదలాలి. 2.1 సెకన్ల రివర్బ్ (గది ప్రతిధ్వని) 2 సెకన్లకు కుదించుకుపోతుంది, కాబట్టి మిక్స్‌లో తోక చెవికి కాస్త పొడుగనిపించేలా ఉంచండి. స, శ, ష లాంటి ఊదుడు శబ్దాలు 7,000 హెర్ట్జ్ దగ్గరున్నవి 7,400 దగ్గరికి వెళ్ళి గుచ్చుకుంటాయి, డి-ఎస్సర్‌ను (ఆ శబ్దాలను అణిచే ఎఫెక్టును) వేగం పెంచాక వేయడం మేలు. బాస్ పలచబడుతుంది. 80 హెర్ట్జ్ ప్రాంతాన్ని ముందే ఒక డెసిబెల్ పెంచి పెట్టుకుంటే సరిపోతుంది.

గొంతు విషయానికొస్తే ఈ పాటలో కష్టం ఎక్కువ భాగం కోరస్‌లోనే ఉంది. చరణం ఎ మైనర్, జి, ఎఫ్, ఇ అంటూ మెట్టుమెట్టుగా దిగుతుంది. మన చెవికి ఇది నఠభైరవిలా మొదలై, ఇ మేజర్ దగ్గర కాకలి నిషాదం తగిలి కీరవాణి ఛాయకు వస్తుంది. కోరస్‌కు వచ్చేసరికి అదే షడ్జం మీద ఎ మేజర్, ఎఫ్ షార్ప్ మైనర్, అంటే శంకరాభరణం. వానలో ఏడుస్తూ నడుస్తున్నానని మాటలు చెబుతుంటే మెట్టు మాత్రం సంతోషపు మెట్టు. ఈ పాట విరహాన్ని ఇంకా మోస్తూ ఉండడానికి నాకు తోచిన కారణం ఈ ఎదురుబొదురే. మైనర్‌లోనే సాగదీసి ఉంటే ఆ ఏడాది వచ్చిన నూటొక్క ఏడుపు పాటల్లో ఇదీ ఒకటయ్యేది.

కోరస్‌లో షానన్ నిండు గొంతు నుంచి దొంగ గొంతుకు (ఫాల్సెట్టో) ఒక్క ఉదుటున ఎక్కుతాడు. ఆ మలుపును నునుపు చేయకండి. పగులు వినిపించాలి, కానీ ఎక్కిన స్వరం సూటిగా తగలాలి. మైకుకు జానెడు దూరంలో నిలబడి చరణం పాడండి, ఫాల్సెట్టో వచ్చేటప్పుడు అరడుగు వెనక్కి జరగండి. కంప్రెసర్ (పెద్ద ధ్వనులను తగ్గించే ఎఫెక్టు) 3:1 నిష్పత్తిలో, పెద్ద స్వరాల దగ్గర 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా పెడితే చాలు. ఆరున్నరలో నేరుగా పాడితే తెగిపోయే గొంతు ఆరు శ్రుతిలో బతికిపోతుంది, అదీ ఈ పద్ధతిలో ఉన్న లాభం. అయితే వేదిక మీద ఈ సాయం ఉండదు. కచేరీకి ఎ మైనర్‌లోనే పాడడం మర్యాద.

ఇక ఆ వాయిద్యం. దాని పేరు మ్యూజిట్రాన్, కట్టింది మ్యాక్స్ క్రుక్. మూలం క్లావియొలీన్, 1947లో ఫ్రాన్స్‌లో కాన్‌స్టాన్ మార్తాన్ రూపొందించిన చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డ్. పియానో మెట్ల కింద తగిలించుకుని, ఎడమ చేత్తో పియానో, కుడి చేత్తో ఇదీ వాయించుకునేలా చేశారు. క్రుక్ దానికి అదనపు రెసిస్టర్లు, టీవీ ట్యూబులు, పాత ఆంప్లిఫయర్లు, టేప్ రికార్డర్లలోంచి పీకిన భాగాలు కలిపి తన సొంత వాయిద్యం చేసుకున్నాడు. అందులో చాలా భాగాల మీద అప్పటికే వేరేవాళ్ళకు పేటెంట్లు ఉండడంతో అతనికి పేటెంట్ దొరకలేదు.

దీని మూలధ్వని మీరు వినే ఉంటారు. 1954 నాటి హిందీ ‘నాగిన్’ సినిమాలో పాములవాడి నాగస్వరంలా మోగేది నాగస్వరం కాదు, కల్యాణ్‌జీ వాయించిన క్లావియొలీన్. దేశమంతా పాముల నృత్యానికి గుర్తుగా మిగిలిపోయిన ఆ స్వరానికీ, ‘రన్అవే’ సోలోకూ తల్లి ఒకటే. రెంటినీ వెంటవెంటనే వినండి. ఊపు, బొంగురు అంచు, ఒక స్వరం ఆగకుండానే ఇంకోటి అందుకోవడం ఒకేలా ఉంటాయి.

లోపల ఒకే ఒక వాక్యూమ్ ట్యూబ్ ఆసిలేటర్ ఉంటుంది, కాబట్టి రెండు మెట్లు నొక్కినా ఒక్క స్వరమే పలుకుతుంది. తరంగం దాదాపు చతురస్రం. దాన్ని హై-పాస్, లో-పాస్ ఫిల్టర్ల స్విచ్చులతో చెక్కి, వైబ్రాటో కలిపి, కావాలనే పగిలినట్టు మోగే ఆంప్లిఫయర్‌లోంచి బయటికి పంపుతుంది. సర్జ్ ఎక్స్‌టీ లాంటి ఉచిత సింథ్‌లో దీన్ని కట్టాలంటే పాలిఫొనీ (ఒకేసారి చాలా స్వరాలు పలకడం) ఆపేసి మోనో మోడ్‌కు రండి. ఒకే ఆసిలేటర్, పల్స్ తరంగం, వెడల్పు 50 శాతం కాకుండా 35 నుంచి 40 మధ్య పెట్టండి, సరిగ్గా 50 పెడితే వీడియో గేమ్ బొమ్మలా బోలుగా వస్తుంది. కింద 250 హెర్ట్జ్ దగ్గర, పైన 4,000 దగ్గర కోయండి. ఎన్వలప్‌లో (స్వరం ఎలా మొదలై ఎలా ఆగాలో చెప్పే సెట్టింగులో) ఎటాక్ సున్నాకు దగ్గరగా, సస్టెయిన్ పూర్తిగా, రిలీజ్ చాలా తక్కువ ఉండాలి. మెట్టు మీద ఎంత గట్టిగా కొట్టినా ధ్వని మారకూడదు కాబట్టి వెలాసిటీని పూర్తిగా తీసేయండి. దీన్ని మరిచిపోతే కొత్త కీబోర్డ్ అని వెంటనే పట్టుబడిపోతుంది.

వైబ్రాటో వేగం 6 హెర్ట్జ్, లోతు 20 సెంట్ల దగ్గర మొదలుపెట్టండి. వేగం పెంచాక అది 6.3 అవుతుంది, అందుకే ముందే 6.5 పెట్టుకుంటే చివరికి మేకపిల్ల అరుపవుతుంది. గ్లైడ్ (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే సమయం) 30 మిల్లీసెకన్లకు మించొద్దు. జారుడు ఎక్కువ కావలసిన చోట పిచ్ వీల్‌తో చేత్తో వంచండి. ఆ తర్వాత ట్యూబ్ డిస్టార్షన్, పైన ప్లేట్ లేదా స్ప్రింగ్ రివర్బ్. రివర్బ్‌లోకి వెళ్ళే ధ్వనిలో 250 హెర్ట్జ్ కింద అంతా కత్తిరించేయండి, లేకపోతే బారిటోన్ శాక్స్ మీద బురద పేరుకుంటుంది.

సోలో చరణం కార్డుల మీదే నడుస్తుంది, మొదటి కోరస్ అయిన వెంటనే వస్తుంది. స్వరాలు కష్టమైనవి కావు, పట్టు మాత్రం మోనో కీబోర్డుది. పియానో అలవాటున్న చేతులు ముందు మెట్టును వదలకుండా తర్వాతది నొక్కుతాయి. అప్పుడు సింథ్ లెగాటో మోడ్‌లో ఉంటే కొత్త స్వరానికి దెబ్బ పడదు, గబగబ తిప్పే చోట్ల సొంపు పోయి ఏకధారగా కారిపోతుంది. అలాంటి చోట్ల వేలు పూర్తిగా ఎత్తి కొట్టండి, జారుడున్న చోట మాత్రం కలిపి నొక్కండి. మామూలు లయ కన్నా 5.2 శాతం నెమ్మదిగా వాయిస్తున్నారు కాబట్టి ఇది అనుకున్నంత కష్టం కాదు.

మిక్స్ మోనోలోనే చేయండి. స్టీరియోలో పరిచి చివర్లో మోనో చేద్దామనుకుంటే గిటార్లు, పియానో ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఒకే గదిలో కొద్ది మైకులతో అందరూ కలిసి వాయించిన ధ్వని మీకు కావలసింది. మద్రాసు స్టూడియోల్లో మన పాటలు కూడా ఆ రోజుల్లో అలాగే గాయకులూ వాద్యబృందమూ కలిసి టేకు ఇచ్చినవే, ఆ గది ఎలా మోగుతుందో మీ చెవికి కొత్తేం కాదు. డ్రమ్స్‌కు ఒక మైకు పైన, ఒకటి కిక్ దగ్గర చాలు. ముందు గొంతు స్థాయి ఖాయం చేసుకుని, దాని చుట్టూ తక్కినవి చేర్చండి. సోలో వచ్చినప్పుడు మ్యూజిట్రాన్ గొంతు నిలబడిన చోటే, అదే స్థాయిలో నిలబడాలి. ఒక డెసిబెల్ తగ్గినా పాట మధ్యలో గుంత పడినట్టుంటుంది.

ఫైలు వేగం పెంచాక ట్యూనర్ పెట్టి చూడండి. బి ఫ్లాట్‌కు ఒరిజినల్ ఎన్ని సెంట్లు కిందుందో మీదీ అన్నే ఉంటే సరే, రెండు మూడు సెంట్ల తేడా ఎవరూ పట్టించుకోరు. పది దాటితే శాతం మార్చి మిక్స్ ఫైలు మీద మళ్ళీ మొదటి నుంచి చేయండి. ఒకసారి పెంచిన ఫైలునే మళ్ళీ పెంచొద్దు, ప్రతి మార్పుకీ పై స్థాయి ధ్వని కొంత మసకబారుతుంది.